అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో మీకిష్టమైన పాత ప్లే ఏది? అది అసలెలా కుదిరింది?

డెంటన్ దోస్త్:
ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ బాగానే తెలుసు, కాలేజీ ఆట ఇప్పుడిప్పుడే చూస్తున్నా. ఎవర్ని కదిపినా కిక్ సిక్స్ అంటారు, ద ప్లే అంటారు, బాయిసీ స్టేట్ అంటారు. యూట్యూబ్‌లో అర నిమిషం ముక్క చూస్తే అరుపులు తప్ప ఏమీ అర్థం కావట్లేదు. మీకు బాగా ఇష్టమైన ప్లేనో, ప్లేయర్‌నో చెప్పండి. "గూస్‌బంప్స్ బ్రో" అని వదిలెయ్యొద్దు దయచేసి. స్కోరెంత, గడియారంలో ఎంతుంది, అవతలి జట్టు ఎక్కడ పప్పులో కాలేసింది, రీప్లేలో కన్ను ఎక్కడ పెట్టాలి, ఇవి కావాలి. ఇంకో సందేహం కూడా: ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకి తన్నే కిక్) మిస్సయితే బంతి డెడ్, అంటే ఆట ఆగినట్టే కదా, కిక్ సిక్స్‌లో అతను ఎలా పరిగెత్తాడు?

సైడ్‌లైన్ శాస్త్రి:
ముందు నీ సందేహం తీరుస్తా. కిక్ పొట్టిగా పడి, బంతి ఇంకా గాల్లో ఉండగానే డిఫెన్స్ వాడు పట్టుకుంటే అది బతికున్న బంతే. ఎండ్ జోన్‌లో (గోల్ లైన్ వెనక ఉండే పట్టీలో) నిలబడి పట్టినా సరే, పరిగెత్తొచ్చు. ఎవరూ తాకకుండా ఎండ్ జోన్‌లో నేలకు తగిలినా, వెనక గీత దాటినా అప్పుడు డెడ్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ ఇలాంటి రిటర్న్‌లు ఉన్నాయి, కొత్త రూలేం కాదు.

ఇక కిక్ సిక్స్ జరిగిన రోజు. 2013 నవంబర్ 30, ఆబర్న్‌లోని జోర్డన్-హేర్ స్టేడియం. అలబామా నంబర్ వన్, ఆబర్న్ నాలుగో ర్యాంకు. 32 సెకన్లు ఉండగా ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) నిక్ మార్షల్, సామీ కోట్స్‌కి 39 యార్డుల టచ్‌డౌన్ పాస్ (ఎండ్ జోన్‌లోకి చేరిన బంతి) వేసి 28-28 చేశాడు. ఆ తర్వాత అలబామా రన్నింగ్ బ్యాక్ యెల్డన్ పరిగెత్తి బయటికి అడుగు పెట్టేసరికి గడియారం సున్నా. అందరూ ఓవర్‌టైమ్‌కి సిద్ధమవుతుంటే కోచ్ నిక్ సేబన్ ఒక సెకను మిగిలుందని పట్టుబట్టాడు. రివ్యూ చూసి ఇచ్చారు. అడిగి మరీ తెచ్చుకున్న సెకను!

57 యార్డుల కిక్. ఈ లెక్క కూడా తెలుసుకో: బంతి ఉన్న గీత నుంచి గోల్ లైన్ దాకా ఉన్న దూరానికి ఎండ్ జోన్ 10 యార్డులు, కిక్కర్ కోసం బంతిని నిలబెట్టి పట్టుకునే హోల్డర్ వెనక్కి కూర్చునే ఏడెనిమిది యార్డులు కలుపుకోవాలి. అప్పటికే సీనియర్ కిక్కర్ కేడ్ ఫాస్టర్ ఆ మ్యాచ్‌లో మూడు పోగొట్టాడు, అందులో ఒకటి బ్లాక్ అయింది. అందుకని ఫ్రెష్‌మన్ ఆడమ్ గ్రిఫిత్‌ని పంపారు. అంత దూరం కొట్టే కాలు ఉంది, ఆ ఆలోచనలో తప్పు లేదు.

తప్పు మిగతా పదిమందిలో ఉంది. ఫీల్డ్ గోల్ జట్టంటే కిక్కర్, హోల్డర్, బంతిని వెనక్కి అందించే లాంగ్ స్నాపర్ పోగా మిగిలిన ఎనిమిదిమందీ గోడ కట్టేవాళ్ళు. చాలామంది 300 పౌండ్ల చుట్టుపక్కల ఉండే లైన్‌మెన్. భుజానికి భుజం ఆనించి రెండు సెకన్లు అడ్డుపడటం వాళ్ళ పని, బంతి వెంట పరిగెత్తడం కాదు. 57 యార్డులంటే పొట్టిగా పడే అవకాశం ఉందని తెలిసీ ఆ జట్టునే దింపారు. మన భాషలో చెప్పాలంటే బౌండరీలో ఒక్క ఫీల్డర్‌నీ పెట్టకుండా ఫుల్‌టాస్ వేసినట్టు.

ఆబర్న్ మాత్రం ఆలోచించింది. టైమౌట్ తీసుకుంది. అందరూ కిక్కర్‌కి వణుకు పుట్టించడానికే అనుకున్నారు. ఆ సందులో వెనక నిలబడ్డ సేఫ్టీని తప్పించి, పంట్‌లు (అవతలి జట్టు దూరంగా తన్నేసే బంతులు) రిటర్న్ చేసే క్రిస్ డేవిస్‌ని పెట్టారు. ఆట అక్కడే తిరిగింది.

రీప్లేలో డేవిస్‌ని కాదు, అతని ముందున్నవాళ్ళని చూడు. బంతి దొరికిందని తెలియగానే ఆబర్న్ వాళ్ళు వెనక్కి తిరిగి ఎడమ సైడ్‌లైన్ పక్కన వరసగా నిలబడిపోయారు. డేవిస్ ఆ గోడకీ తెల్లగీతకీ మధ్య సందులోంచి పోయాడు. దగ్గరికి రాగలిగినవాడు హోల్డర్‌గా కూర్చున్న పంటర్ కోడీ మాండెల్. మిగతా లైన్‌మెన్ మధ్యలోనే ఆయాసపడుతూ కనిపిస్తారు. 34-28.

పాత టేపు:
శాస్త్రిగారూ, చిన్న అతుకు. జనం 109 యార్డులంటారు, రికార్డులో 100 అనే ఉంటుంది. డేవిస్ ఎండ్ జోన్‌లో దాదాపు 9 యార్డుల లోపల పట్టాడు, కానీ గణాంకాల్లో గోల్ లైన్ నుంచి గోల్ లైన్ దాకానే లెక్క. ఎక్కడైనా పందెం కాస్తే మాట స్పష్టంగా మాట్లాడుకోండి.

ఇంకోటి. ఆ నాలుగో క్వార్టర్‌లో అలబామా ఆధిక్యంలో ఉండి, ఆబర్న్ 13 యార్డుల గీత దగ్గర ఫోర్త్ అండ్ 1 (నాలుగో, ఆఖరి ప్రయత్నం, ఇంకో 1 యార్డు కావాలి) వచ్చినప్పుడు కిక్ కొట్టకుండా ఆ యార్డు కోసమే వెళ్ళి ఆగిపోయింది. ఫాస్టర్ మీద నమ్మకం పోవడం వల్లే ఆ నిర్ణయం అనిపిస్తుంది. క్లిప్ చూసేవాళ్ళకి ఇది కనబడదు.

బర్క్‌లీ బుల్లోడు:
నా ఓటు ద ప్లేకి. 1982 నవంబర్ 20, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ), స్టాన్‌ఫర్డ్ మ్యాచ్. అందరూ బ్యాండ్ వాళ్ళ మీద జోకులేస్తారు గానీ, అసలు తప్పు అంతకు ముందే, గడియారం దగ్గర జరిగింది.

స్టాన్‌ఫర్డ్ 17-19తో వెనకుంది. సొంత 13 యార్డుల దగ్గర ఫోర్త్ అండ్ 17. జాన్ ఎల్వే 29 యార్డుల పాస్ వేసి జట్టుని బతికించాడు. ఫీల్డ్ గోల్ దూరానికి వచ్చాక గడియారంలో 8 సెకన్లు ఉండగా టైమౌట్ పిలిచారు. 35 యార్డుల కిక్ లోపలికి వెళ్ళింది, 20-19. కిక్‌కి నాలుగు సెకన్లు పోయాయి, నాలుగు మిగిలాయి. టైమౌట్ ఇంకో నాలుగు సెకన్లు ఆగి పిలిచి ఉంటే కిక్కుతోనే మ్యాచ్ అయిపోయేది, ఆ తర్వాత బంతిని కాల్ వాళ్ళకి తన్నే కిక్‌ఆఫ్ అనేదే ఉండేది కాదు.

దానికి తోడు సంబరాలు చేసుకున్నందుకు 15 యార్డుల పెనాల్టీ. దాంతో 40కి బదులు 25 నుంచి కిక్‌ఆఫ్. బంతి నేల మీద దొర్లేలా తన్నారు, కెవిన్ మోయెన్‌కి దొరికింది.

వరస ఇది, కాగితం మీద రాసుకుని చూడు: మోయెన్ నుంచి రోడ్జర్స్, అక్కడి నుంచి గార్నర్, మళ్ళీ రోడ్జర్స్, తర్వాత ఫోర్డ్, చివరికి మళ్ళీ మోయెన్. అయిదు లేటరల్స్, అంటే పక్కకో వెనక్కో ఇచ్చే పాస్‌లు. మూడోది దగ్గర ఆపి చూడు. గార్నర్‌ని గుంపుగా పట్టేశారు, మోకాలు తగిలేలోపే బంతి వదిలాడా లేదా అన్నదే నేటికీ గొడవ. అతను పడిపోయాడనుకునే స్టాన్‌ఫర్డ్ బ్యాండ్ 144 మందీ మైదానంలోకి దిగిపోయారు. అయిదోది ఇంకా అందం: ఫోర్డ్ వెనక్కి చూడకుండా భుజం మీదుగా గాల్లోకి విసిరాడు. మోయెన్ బ్యాండ్‌ని చీల్చుకుంటూ పోయి ఎండ్ జోన్‌లో ఒక ట్రాంబోన్ వాయిద్యగాడి మీద పడ్డాడు. 25-20.

అప్పట్లో రీప్లే రివ్యూ లేదు. ఫ్లాగులు పడ్డాయి గానీ అవి స్టాన్‌ఫర్డ్ మీదే, ఆట నడుస్తుండగా మైదానంలోకి ఎక్కువమంది వచ్చినందుకు. కాబట్టి టచ్‌డౌన్ నిలిచింది. ఎల్వే కాలేజీలో ఒక్క బౌల్ గేమ్ (సీజన్ చివర్న ఆడే ప్రత్యేక మ్యాచ్) కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు.

ఈ రెండు జట్ల మధ్య ట్రోఫీ ఒక గొడ్డలి. అది స్టాన్‌ఫర్డ్ చేతికొచ్చిన ప్రతిసారీ దాని పలక మీద ఆ ఏడాది స్కోరు 20-19 అని మార్చేస్తారు, కాల్‌కి రాగానే మళ్ళీ 25-20 అవుతుంది. ఇంత పట్టుదల మన పల్లెటూరి పొలం గట్టు తగాదాల్లోనే ఉంటుంది.

డెంటన్ దోస్త్:
ఈ గడియారం లెక్క ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ! మరి బాయిసీ స్టేట్ సంగతి? అందులో మూడు ట్రిక్ ప్లేలు ఉన్నాయంటారు.

పంట్ పరంధాముడు:
మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి, అందుకే కలిపి చూడాలి. 2007 జనవరి 1, ఫియెస్టా బౌల్, ఓక్లహోమాతో.

మొదటిది: నిమిషం పైచిలుకు ఉండగా బాయిసీ క్వార్టర్‌బ్యాక్ జబ్రాన్‌స్కీ వేసిన పాస్‌ని ఓక్లహోమా ఎత్తుకుపోయి టచ్‌డౌన్ చేసింది, బాయిసీ 28-35తో వెనకబడింది. 18 సెకన్లు, మైదానం నడిమధ్య ఫోర్త్ అండ్ 18. పాస్ డ్రిసాన్ జేమ్స్‌కి దాదాపు 15 యార్డుల దగ్గర అందింది. గమనించావా, కావలసింది 18. అక్కడే పడగొడితే మ్యాచ్ అయిపోతుందని డిఫెండర్లు అతని మీదికి ఉరికారు. సరిగ్గా అప్పుడు ఎదురుగా దాటుతున్న జెరార్డ్ రాబ్‌కి లేటరల్ ఇచ్చాడు. ఆ వైపు ఖాళీ. ఎర తక్కువ దూరంలో వెయ్యడమే ఇందులో కిటుకు. 20 యార్డుల దగ్గర పట్టి ఉంటే డిఫెండర్లు అంత ఆత్రంగా మీద పడేవాళ్ళు కాదు. 7 సెకన్లు ఉండగా 35-35.

ఓవర్‌టైమ్‌లో మొదటి ప్లేలోనే ఓక్లహోమా రన్నర్ ఏడ్రియన్ పీటర్సన్ 25 యార్డులు పరిగెత్తేశాడు. బాయిసీ మళ్ళీ ఫోర్త్ డౌన్‌కి వచ్చింది. ఈసారి జబ్రాన్‌స్కీ పక్కకు నడుచుకుంటూ పోయాడు, స్నాప్ (ప్లే మొదలుపెడుతూ వెనక్కి అందించే బంతి) నేరుగా రిసీవర్ విన్నీ పెరెట్టాకి, అతను టైట్ ఎండ్ డెరెక్ షౌమన్‌కి టచ్‌డౌన్ పాస్.

ఇక 41-42. టచ్‌డౌన్ తర్వాతి ఒక పాయింటు కిక్ కొడితే సమం, రెండో ఓవర్‌టైమ్. మొదటి ప్లేకే 25 యార్డులు తినేసిన డిఫెన్స్‌ని మళ్ళీ పీటర్సన్ ఎదుట నిలబెట్టడం కన్నా 3 యార్డుల ఒక్క ప్లే నయం అని బాయిసీ కోచ్ క్రిస్ పీటర్సన్ రెండు పాయింట్లకు వెళ్ళాడు. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ: కుడివైపు ముగ్గురు రిసీవర్లు. జబ్రాన్‌స్కీ కుడిచెయ్యి ఎత్తి అటు విసిరినట్టు నటించాడు, ఆ చేతిలో బంతి లేదు. ఎడమచేతిలో నడుము వెనక దాచి ఇయాన్ జాన్సన్‌కి అందించాడు. జాన్సన్‌ని ఎవరూ తాకను కూడా తాకలేదు.

ఇది సొంతంగా ఆడి చూసేవాళ్ళు తప్పు చేసేది ఒక్కచోటే: రన్నర్ తొందరపడి కదులుతాడు. విసిరిన నటన పూర్తయ్యేదాకా అతను ఒక అంగ వేసి ఆగాలి, బ్లాక్ చేసేవాడిలా కనబడాలి. ముందే కదిలితే లైన్‌బ్యాకర్ కళ్ళు అతని వెంటే వస్తాయి. మ్యాచ్ 43-42, సీజన్ 13-0.

వీర ఆప్షన్:
అందరూ ఆఖరి సెకను ప్లేలే పెడుతున్నారు. అడిగింది ప్లేయర్ల గురించి కూడా. బ్యారీ శాండర్స్, ఓక్లహోమా స్టేట్, 1988. 11 మ్యాచ్‌లు, 2,628 రషింగ్ (బంతి పట్టుకుని పరిగెత్తిన) యార్డులు, 37 రషింగ్ టచ్‌డౌన్‌లు. అంతకు ముందు రెండేళ్ళు థర్మన్ థామస్ వెనక బెంచీ మీదున్నవాడు.

ఆ రోజుల్లో బౌల్ గేమ్ అంకెలు సీజన్ లెక్కలో చేర్చేవాళ్ళు కాదు. హాలిడే బౌల్‌లో కొట్టిన 222 యార్డులు బయటే ఉండిపోయాయి. 2002 నుంచి కలుపుతున్నారు. 2014లో మెల్విన్ గోర్డన్ 14 మ్యాచ్‌ల్లో 2,587 దగ్గర ఆగాడు. 2024లో యాష్టన్ జెంటీ, అదీ 14 మ్యాచ్‌లే, 2,601 దాకా వచ్చి 27 యార్డుల దూరంలో మిగిలిపోయాడు. మూడు మ్యాచ్‌లు తక్కువ ఆడినవాడి రికార్డు ఇంకా అక్కడే ఉంది. శాండర్స్ క్లిప్పుల్లో కాళ్ళు కాదు, నడుం చూడండి. అంత కిందికి వంగి పరిగెడతాడు, పట్టుకోవడానికి వచ్చినవాడి చేతికి భుజాలు అందవు.

ఆస్టిన్ అప్పారావు:
టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ పేరు ఇంకా రాలేదంటే ఇక్కడ లాంగ్‌హార్న్స్ (టెక్సస్ జట్టు) అభిమానులందరూ నిద్రపోతున్నట్టే. 2006 జనవరి 4, రోజ్ బౌల్. అవతల యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వరసగా 34 గెలిచి వచ్చింది. ఆరు నిమిషాల పైచిలుకు ఉండగా 38-26తో ముందుంది. తర్వాత 33 కి చేరాం. రెండు నిమిషాల దగ్గర యూఎస్‌సీ ఫోర్త్ అండ్ 2కి వెళ్ళింది, లెన్‌డేల్ వైట్‌కి బంతి ఇచ్చింది, మనవాళ్ళు ఆపేశారు. ఆ ఏటి హైస్మన్ (ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డు) విజేత రెజ్జీ బుష్ ఆ ప్లేకి బయట నిలబడి ఉన్నాడు. ఎర కోసమైనా లోపల పెట్టి ఉండాల్సింది, ఒక డిఫెండర్ అతని వెంట పోయేవాడు.

ఆఖర్న ఫోర్త్ అండ్ 5. యంగ్ పాస్‌కని వెనక్కి వచ్చాడు, రిసీవర్లు దొరకలేదు, కుడి అంచు కాపలా లేకుండా వదిలేశారు. 8 యార్డులు, మూలన ఉన్న పైలాన్ వైపు. 19 సెకన్లు మిగిలాయి, 41-38. ఆ రోజు అతనివి 267 పాసింగ్, 200 రషింగ్.

పాత టేపు:
అప్పారావుగారూ, ఆ మ్యాచ్ మొదటి సగంలో యంగ్ మోకాలు నేలకు తగిలాక లేటరల్ ఇచ్చిన టచ్‌డౌన్ గురించి కూడా రెండు ముక్కలు రాయండి మరి. కాలేజీలో ఎవరూ తాకకపోయినా మోకాలు తగిలితే డెడ్.

ఆస్టిన్ అప్పారావు:
రిఫరీ ఈల వెయ్యలేదు, రివ్యూకి ఎవరూ ఆపలేదు, బోర్డు మీద పాయింట్లు పడ్డాయి. కావాలంటే గొడ్డలి పలక మీద మార్చుకోండి.

సైడ్‌లైన్ శాస్త్రి:
😂 దోస్తూ, చూసే పద్ధతి ఒకటి చెప్తా. క్లిప్ బదులు పూర్తి ఆఖరి డ్రైవ్ పెట్టుకో. స్నాప్‌కి ముందు ఆపి డిఫెన్స్‌లో లోతుగా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. మైదానం మీద చిన్న గీతలు, హాష్ మార్కులు, కాలేజీలో 40 అడుగుల ఎడంలో ఉంటాయి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. అంటే ఇక్కడ బంతి ఒక పక్కకి ఒరిగి ఉంటే రెండో పక్క చాలా ఖాళీ మిగులుతుంది. ఏ పక్క ఖాళీయో ముందు చూసుకో, బంతి తర్వాత చూద్దువు. మొదట బాయిసీ పెట్టు, మూడు ప్లేలూ ఒకే మ్యాచ్‌లో ఉన్నాయి.