వాన నీళ్లు పట్టే పార్కు: పల్లం ఎంత, ఎక్కడ?

ప్రశ్న
నేను ల్యాండ్‌స్కేప్ డిజైన్ చేస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్న పార్కు స్థలం 8,000 చదరపు మీటర్లు. ఎగువన 10 హెక్టార్ల ఇళ్ల మీద, రోడ్ల మీద పడిన వానంతా దీని పక్కగా పోయి దిగువ వీధుల్ని ముంచుతోంది. సగం స్థలాన్ని 60 సెంటీమీటర్లు పల్లం చేసి, మామూలు రోజుల్లో ఆటలకు, పెద్ద వానప్పుడు నీళ్లు నిలవడానికి పనికొచ్చేలా గీశాను. సరిపోతుందా? దోమలొస్తాయని, పిల్లలు పడతారని చాలామందికి టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
డ్రైనేజీ పనుల్లో ఉన్నాను కాబట్టి ముందు లెక్క చెబుతాను. 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. 10 హెక్టార్ల మీద అది 5,000 ఘనపు మీటర్లు. డాబాలు, తారురోడ్లే ఎక్కువైతే అందులో 80 శాతం, అంటే 4,000, మీ దాకా వచ్చేస్తుంది. మీ పల్లం పట్టేది 2,400. గట్లు వాలుగా ఉంటాయి గనక ఇంకా తక్కువే. మిగిలిన నీటికి అలుగు పెట్టి, అది ఏ కాలువలోకి దూకాలో ఇప్పుడే తేల్చుకోండి. దిగువకు వదిలే తూము చిన్నదిగా ఉండాలి, లేకపోతే నీటిని ఆపిన ప్రయోజనమే ఉండదు.

మీ డ్రాయింగ్ నా చేతికొస్తే మొట్టమొదట వెతికేది మాత్రం పూడిక ఎక్కడ ఆగుతుందని. వాన వెలిశాక నీళ్లొచ్చే పైపు మూతి దగ్గర నిలబడి చూడండి. ముందు గులకరాళ్లు, తర్వాత ఇసుక, ఆ తర్వాత వేళ్ల మధ్య జారిపోయే సన్నటి ఒండ్రు వరసగా పేరుకుని ఉంటాయి. జాలీకి ఆకులు, ప్లాస్టిక్ కవర్లు తడి దుప్పటిలా అతుక్కుంటాయి. ఆ ఒండ్రు మైదానమంతా పరుచుకుంటే గడ్డి చస్తుంది, నేల నీరు ఇంకించుకోవడం మానేస్తుంది. అందుకే నీరు ముందుగా ఒక చిన్న గుంటలోకి దిగాలి. పల్లం పట్టే నీటిలో పదోవంతు పట్టేలా, అడుగున కాంక్రీటు వేసి కట్టండి. దాని అంచు దాకా లారీ వచ్చే దారి తప్పకుండా గీయండి. ఆ దారి లేనిచోట పూడికను తట్టలతో మోయాలి. అది మనుషుల చేత చేయించదగ్గ పని కాదు, ఎక్కువ రోజులు జరగదు కూడా.

జవాబు 2
దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. 48 గంటల్లో పల్లం ఖాళీ అయ్యేలా చేస్తే ఆ భయం ఉండదు. అడుగున చిన్న చిన్న గుంతలు మిగలకుండా తూము వైపు వాలు ఇవ్వండి. గోతులు తవ్వి, నీళ్లు పోసి, గంటకు ఎంత ఇంకుతుందో స్వయంగా కొలవండి. భూగర్భజలం పైకే ఉంటే ఇంకుడు మీద ఆశ పెట్టుకోకండి. పిల్లల కోసం గట్టు నాలుగు అడుగులకు ఒక అడుగు దిగేలా ఉంటే చాలు, నడిచి పైకొచ్చేస్తారు. తూముకు మాత్రం బలమైన జాలీ ఉండాల్సిందే. కరెంటు బాక్సులు, టాయిలెట్లు మెరక మీదే.

జవాబు 3
సగం స్థలాన్ని ఒకే లోతు చేయకండి. రోటర్‌డామ్‌లో 2013లో తెరిచిన బెంతెమ్‌ప్లైన్ చౌకులో మూడు తొట్లున్నాయి. లోతు తక్కువ ఉన్నవి ప్రతి వానకూ నీళ్లు పడతాయి. లోతైన ఆటల కోర్టు పెద్ద వానకే నిండుతుంది. చిన్న జల్లుకే మైదానం తడిసిపోతే ఆడుకునేవాళ్లు రావడం మానేస్తారు. కోపెన్‌హాగెన్ 2011 జూలై 2 కుండపోతలో మునిగాక ఎంగ్‌హావ పార్కును 22,600 ఘనపు మీటర్లు పట్టేలా మార్చారు. అక్కడ కూడా నీరు అంచెలంచెలుగానే నిండుతుంది.

ప్రశ్న అడిగినవారు
అందరికీ చాలా థాంక్సండీ. రెండు అంచెలుగా మార్చి, కింది అంచె లోతు పెంచుతాను. పల్లం అనుకున్న చోట నాలుగు పెద్ద చెట్లున్నాయి. వాటి చుట్టూ తవ్వొచ్చా?

జవాబు 1
వద్దండీ. కొమ్మలు పరుచుకున్నంత మేర వదిలేసి, పల్లం గీతను పక్కకు వంచండి. పొక్లెయిన్‌ను ఆ నీడలోకి, పల్లం అడుగు మీదికి రానివ్వొద్దని కాంట్రాక్టులోనే రాయించండి. ఒకసారి చక్రాల కింద నలిగి గట్టిపడిన నేలను మళ్లీ గుల్ల చేయడం చాలా కష్టం.