ఇంట్లో కంప్యూటర్ మీద పాటల రికార్డింగ్: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రశ్న (హార్మోనియం_తెనాలి):
లలిత గీతాలకు బాణీలు కట్టి, హార్మోనియం వాయిస్తూ పాడుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇప్పుడు వాటిని ఇంట్లోనే రికార్డు చేసి, వెనుక తంబురా, తబలా, వీలైతే కొద్దిగా వయొలిన్ కూడా చేర్చాలని ఉంది. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న విండోస్ లాప్‌టాప్ ఇప్పటికే ఉంది. దానికి తోడు రూ. 25,000 వరకు పెట్టగలను. దుకాణంలో అడిగితే ముందు స్పీకర్లు, ఆ తరువాత పేరున్న సాఫ్ట్‌వేర్ కొనమన్నారు. ఆ రెండింటితోనే నా డబ్బు అయిపోతుంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

సమాధానం (మిక్సింగ్_మావయ్య):
మీకు చెప్పిన వరుస దుకాణానికి లాభం, మీకు కాదు. ఉత్త గోడలున్న గదిలో ఎంత మంచి స్పీకర్లు పెట్టినా పాటకంటే గది మోతే ఎక్కువగా వినిపిస్తుంది కనుక వాటిని కనీసం ఏడాదిపాటు మరచిపోయి, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు తీసుకోండి. మైకు, హెడ్‌ఫోన్లు, రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు ధ్వనిని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె), తీగ, స్టాండు: ఈ అయిదూ మీ బడ్జెట్‌లోనే వస్తాయి.

సాఫ్ట్‌వేర్‌కు మొదట్లో పైసా కూడా అక్కరలేదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఏ పరిమితీ లేకుండా వాడి చూడవచ్చు. నచ్చితే వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే మరో సాఫ్ట్‌వేర్ మీద మనసుంటే మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి. దాని ట్రయల్‌లో పాటను సేవ్ చేయవచ్చు గానీ, కొనేదాకా దాన్ని మళ్లీ తెరవలేరు. పైగా అన్నిటికంటే చౌకైన ఎడిషన్‌లో గొంతు రికార్డు చేసే వీలుందో లేదో ముందే చూసుకోండి. అది లేకుండా ధర చూసి కొంటే పాడేవారికి ఉపయోగపడదు.

సమాధానం (నిశ్శబ్దం_కావాలి):
పై సలహాతో ఏకీభవిస్తూనే మైకు గురించి కొంత చేర్చాలి. కండెన్సర్ మైకు సున్నితమైనది, గొంతులోని నునుపును బాగా పట్టుకుంటుంది, నిజమే. అయితే అది సీలింగ్ ఫ్యానును, వంటింటి కుక్కర్ విజిల్‌ను, వీధిలో కూరగాయల బండి కేకను కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. ఎండాకాలంలో ఫ్యాను ఆపి పాడగలరో లేదో ముందే ఆలోచించుకోండి. కష్టమనిపిస్తే నోటికి దగ్గరగా పెట్టుకుని పాడే డైనమిక్ మైకే నయం, దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ తీగ ద్వారా మైకుకు ఇచ్చే కరెంటు) కూడా అవసరం లేదు. గదికి కొత్తగా ఫోమ్ పలకలు కొనకండి. తలుపులు తెరిచిన బట్టల బీరువాకు వీపు పెట్టి నిలబడి, పక్కన దండెం మీద రెండు మందపాటి బొంతలు వేలాడదీస్తే గొంతు వరకు చాలు.

హార్మోనియం, గొంతు ఒకేసారి రికార్డు చేస్తే తిత్తి చప్పుడు గొంతు మైకులోకి వచ్చి, తరువాత ఎంత సవరించినా పోదు. ముందు హార్మోనియం ఎక్కించి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ పాడండి. అప్పుడు మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపిస్తే తాళం తప్పుతుంది: శాంపిల్ రేటు (సెకనుకు తీసుకునే ధ్వని నమూనాలు) 44,100, బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పోగుచేసుకునే నమూనాలు) 1,024 ఉంటే ఒకవైపు ఆలస్యమే సుమారు 23 మిల్లీసెకన్లు, 128కి తగ్గిస్తే దాదాపు 3. ఇంటర్‌ఫేస్ మీద గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు పంపే డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే ఈ బాధే ఉండదు. కొనేటప్పుడు అది ఉందో లేదో చూడండి.

సమాధానం (తాళం_తప్పదు):
అసలు డబ్బు కారిపోయేది వాద్యాల దగ్గర. వాద్యాల ధ్వనులను కంప్యూటర్‌లో పలికించే కాంటాక్ట్ ప్లేయర్ ఉచితమే, కానీ డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్ కోసం తయారైన లైబ్రరీలు (ముందే రికార్డు చేసిన వాద్య ధ్వనుల సంపుటాలు) అందులో 15 నిమిషాలకే ఆగిపోతాయి. ఈ సంగతి లైబ్రరీ కొన్నాక తెలిసి బాధపడేవారు ఎందరో. తంబురాకు ఫోనులోని శ్రుతి యాప్ చాలు. వయొలిన్ మాత్రం ఆశ తగ్గించుకోవడం మంచిది. కంప్యూటర్‌కు తగిలించే మిడీ కీబోర్డు మీద గమకమంటే స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రాన్ని తిప్పడమే, అది మామూలుగా రెండు స్వరస్థానాల వరకే వంగుతుంది, వేలితో తీగ మీద జారిన జీవం దానికి రాదు. తబలాకైతే నా మాట విని, ఊళ్లో వాయించేవారిని ఒక పూట పిలిచి సంభావన ఇవ్వండి. మంచి లైబ్రరీ ధరకంటే అది తక్కువే అవుతుంది, పాట నడకకు తగిన ఠేకా (తబలా వరుస) కూడా దొరుకుతుంది.

హార్మోనియం_తెనాలి:
అందరికీ కృతజ్ఞతలు. స్పీకర్లు, సాఫ్ట్‌వేర్ ఆలోచన మానుకున్నాను. ఇంటర్‌ఫేస్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మిగిలిన డబ్బు తబలా ఆయనకు ఇవ్వవచ్చు కదా అనిపిస్తోంది. ఏమేమి చూడాలి?

మిక్సింగ్_మావయ్య:
తీసుకోవచ్చు. తయారీదారు సైట్‌లో ఆ మోడల్‌కు మీ విండోస్ వెర్షన్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇంకా ఇస్తున్నారో లేదో ముందు నిర్ధారించుకోండి; లేకపోతే ఎంత చౌకైనా వద్దు. అమ్మేవారి ఎదుటే మీ లాప్‌టాప్‌కు తగిలించి, రెండు ఇన్‌పుట్లలోనూ మైకు పెట్టి, మైకు ధ్వనిని పెంచే గెయిన్ మీటను మెల్లగా పూర్తిగా తిప్పుతూ హెడ్‌ఫోన్లలో వినండి. గరగరమంటే బేరం మానుకోండి.