మెక్‌వారియర్ 2 పాత సీడీ: ఆట నడుస్తోంది, సంగీతం రావడం లేదు

ఉక్కునగరం:

అందరికీ నమస్కారం. సాయం కావాలి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా మేనమామ అప్పట్లో ఓడ మీద పనిచేసేవారు. 1997 వేసవిలో సింగపూర్ నుంచి వస్తూ నాకొక సీడీ తెచ్చారు. మెక్‌వారియర్ 2, మెక్ అనే నడిచే యుద్ధ యంత్రంలో కూర్చుని పోరాడే కంప్యూటర్ ఆట. మా వరసలో కంప్యూటర్ ఉన్నది పక్క క్వార్టర్ అంకుల్ వాళ్ళింట్లోనే. ఆదివారం టిఫిన్ తినేసి వెళ్తే, అమ్మ భోజనానికి కేకేసేదాకా అక్కడే. అంతవరకూ నేను చూసిన ఆటల్లో ఎవడో ఒక బొమ్మ మనిషి గెంతుతూ పరిగెడుతూ ఉండేవాడు. ఇందులో మొదటిసారి ఒక యంత్రం లోపల కూర్చున్నాను. అడుగు పడినప్పుడల్లా తెర మొత్తం ఊగేది. కాళ్ళు ఒక వైపు నడుస్తుంటే నడుము పైభాగాన్ని ఇంకో వైపు తిప్పి కాల్చవచ్చని కనిపెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రోజు పడ్డ సంబరం పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు కూడా పడలేదు. ఆ సాయంత్రం నుంచి హార్బర్ క్రేన్లని చూసినా నాకు అవి ఏ క్షణమైనా అడుగు తీసి అడుగు వేస్తాయనిపించేది.

ఒకసారి నాన్న నన్ను పిలవడానికొచ్చి వెనకాలే నిలబడ్డారు. ఆయన ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్‌లో, గోదావరి అనే కొలిమి మీద షిఫ్టు డ్యూటీ చేసేవారు. నేను లేజర్లన్నీ ఒకేసారి పేల్చేశాను. వేడి చూపించే గీత పైకంటా వెళ్ళింది, నా మెక్ ఉన్నచోటే ఆగిపోయింది, ఎదుటివాడు తీరిగ్గా వచ్చి కూల్చేశాడు. నాకు ఏడుపొచ్చింది. నాన్న మాత్రం “మరి ఆగదేటిరా? మా కొలిమైనా అంతే. చుట్టూ నీళ్ళు తిరుగుతున్నంతసేపే అది కొలిమి. ఎంత వేడి పుడుతోంది, ఎంత పోతోంది, రెండూ చూసుకుని నడపాలి” అన్నారు. మర్నాడు రెండు లేజర్లు తీసేసి, ఆ బరువుకి వేడిని లాగేసే హీట్ సింకులు పెట్టుకుని వెళ్ళాను. గెలిచాను. నాన్న రాత్రి షిఫ్టుల్లో ఏం చేస్తారో నాకు మొదట తెలిసింది ఆ ఆటలోనే.

ఇక అసలు సంగతి. మొన్న బీరువా సర్దుతుంటే ఆ సీడీ దొరికింది. మా పాపకి పదకొండేళ్ళు, దానికి చూపించాలని యూఎస్‌బీ సీడీ డ్రైవ్ కొన్నాను. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. పాత డాస్ ఆటలని నడిపే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, సీడీని ఐఎస్‌ఓ అనే నకలు ఫైలుగా తీసి ఎక్కించాను. ఆట వచ్చింది. చప్పుళ్ళు వస్తున్నాయి, కాక్‌పిట్‌లో ఆడగొంతు కూడా పలుకుతోంది. సంగీతం మాత్రం సున్నా. నాకు ఆ సంగీతం లేకపోతే అది ఆ ఆటే కాదు. పైగా ఒక్కోసారి అంతా విపరీతమైన వేగంతో జరిగిపోతోంది. సీడీ మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలున్నాయి, వాటివల్లేనా?

సీతమ్మధార:

గురూ, మచ్చలది కాదు తప్పు. మీ సంగీతం ఐఎస్‌ఓలోకి ఎక్కలేదు, అంతే.

ఆ సీడీలో రెండు రకాల సరుకుంది. మొదటి ట్రాకులో ఆట ఫైళ్ళు. రెండో ట్రాకు నుంచీ మామూలు పాటల సీడీలో ఉన్నట్టే పాటలు. ఆట నడుస్తుండగా డ్రైవుకి ఫలానా ట్రాకు వాయించమని చెబుతుంది. ఐఎస్‌ఓ అనే పద్ధతి ఒక్క డేటా ట్రాకునే తీసుకుంటుంది, పాటలని వదిలేస్తుంది. నమ్మకం కుదరకపోతే ఆ సీడీని పాత సీడీ ప్లేయర్‌లో పెట్టి రెండో ట్రాకు నొక్కండి, మీ చిన్నతనం స్పీకర్లోంచి వస్తుంది. మొదటి ట్రాకు మాత్రం వాయించొద్దు, కొన్ని ప్లేయర్లలో అది చెవులు చిల్లులు పడే రొదగా వస్తుంది.

చేయాల్సింది ఇది. సీడీని ఐఎస్‌ఓగా కాకుండా బిన్, క్యూ జంటగా తీయాలి. ఇమ్‌జిబర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రీడ్ పెడితే, ఎక్కువ ట్రాకులున్న సీడీ అని గుర్తుపట్టి తనే అలా తీస్తుంది. బిన్‌లో సరుకంతా ఉంటుంది. క్యూ అనేది చిన్న అక్షరాల ఫైలు, ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో అందులో రాసి ఉంటుంది. రెండూ ఒకే ఫోల్డర్లో ఉంచండి. బిన్ పేరు మార్చకండి, ఆ పేరు క్యూ లోపల రాసి ఉంటుంది, మారిస్తే దొరకదు. తర్వాత డాస్‌బాక్స్‌లో మామూలు మౌంట్ ఆదేశం కాకుండా ఐఎంజీమౌంట్ వాడి, డి డ్రైవుగా ఆ క్యూ ఫైలుని చూపించి, రకం దగ్గర సీడీరామ్ అని ఇవ్వండి. చాలామంది అలవాటుకొద్దీ ఇక్కడ బిన్ పేరు ఇచ్చేస్తారు. క్యూ పేరే ఇవ్వాలి.

నేను ఈ ఒక్క విషయం తెలియక ఏడాదిపాటు మూగ ఆట ఆడాను. జీహున్ హ్వాంగ్ కట్టిన ఆ బాణీలు తిరిగి విన్న రాత్రి నిద్రపోలేదు.

గాజువాక:

వేగం సంగతి నేను చెబుతాను. ఆట 1995 నాటిది, అప్పటి 486, పెంటియం యంత్రాల కోసం రాసింది. డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైలులో ఆట ఎంత వేగంగా నడవాలో చెప్పే సైకిల్స్ అనే వరస ఉంటుంది. దాన్ని మ్యాక్స్‌లో వదిలేస్తే మీ కొత్త ల్యాప్‌టాప్ బలమంతా దాని మీద పెట్టేస్తుంది. నాకైతే అలా వదిలేసినప్పుడు మెక్‌ని గాల్లోకి లేపే జంప్ జెట్లు సరిగా పనిచేయలేదు. ఒక అంకె ఇచ్చి కట్టేయండి. 30,000తో మొదలుపెట్టి, ఆట మధ్యలోనే కంట్రోల్ ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది, కంట్రోల్ ఎఫ్12కి పెరుగుతుంది. అడుగుకి అడుగుకీ మధ్య బరువు తెలిసేచోట ఆపండి. మౌస్ లోపల చిక్కుకుపోతే కంట్రోల్ ఎఫ్10.

విండోస్ 95 కోసం వచ్చిన సీడీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళ దారి ఇది కాదు, విడిగా అడగండి.

భీమిలి:

తెల్ల మచ్చల గురించి. మన సముద్రపు గాలికి సీడీల మీద బూజు పడుతుంది. హుద్‌హుద్‌లో, 2014 అక్టోబర్ 12న, మా ఇంట్లోకి నీళ్ళొచ్చి నా సీడీలన్నీ తడిశాయి. ఒక్కొక్కటీ కడిగి చాలావాటిని కాపాడుకున్నాను, అందుకే చెబుతున్నాను. ముందు సీడీని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. సూది రంధ్రాల్లా వెలుగు కనబడితే వెండి పొర పోయినట్టు, దాన్ని ఎవరూ తేలేరు. కనబడకపోతే మచ్చ పైపైనే ఉందని. గోరువెచ్చటి నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి నూలు గుడ్డ. తుడవడం ఎప్పుడూ మధ్యనుంచి అంచుకి, తిన్నగా. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాకు వెంబడే పోతుంది, అది చదవడం డ్రైవుకి చాలా కష్టం. టూత్‌పేస్టు రాయమని చెప్పేవాళ్ళ మాట వినొద్దు. ఇంకొకటి, బొమ్మ ఉన్న వైపు మరీ జాగ్రత్త. వెండి పొర ఆ వైపునే ఉంటుంది, పైన పలచటి లక్క పూత తప్ప రక్షణ లేదు.

మద్దిలపాలెం:

సాంకేతికం కాదు గానీ ఆగలేక రాస్తున్నాను. ఈ ఆటకి మూలం కంప్యూటర్ కాదు. 1984లో షికాగోకి చెందిన ఫాసా అనే సంస్థ తెచ్చిన బల్ల మీద ఆట, షడ్భుజాల గళ్ళున్న పటం, పాచికలు. మొదట బ్యాటిల్‌డ్రాయిడ్స్ అన్నారు, డ్రాయిడ్ అనే మాట మీద హక్కు స్టార్ వార్స్ తీసిన లూకాస్ వాళ్ళది కావడంతో మరుసటి సంవత్సరం బ్యాటిల్‌టెక్ అయింది. మీ నాన్నగారి మాట అందులో అక్షరాలా ఉంది. ప్రతి వంతులోనూ పుట్టిన వేడిని కూడి, హీట్ సింకులు లాగేసినదాన్ని తీసేసి, మిగిలినదాన్ని కాగితం మీద పెన్సిల్‌తో దిద్దుకోవాలి. నీళ్ళలో నిలబడితే సింకులు ఇంకా బాగా లాగుతాయి కూడా! అన్నట్టు మీ పాపకి టింబర్ వోల్ఫ్ అనే మెక్ చూపించండి, 75 టన్నులది. దాన్ని మొదటిసారి ఎదుర్కొన్నవాళ్ళ కంప్యూటరు, అది మరాడర్ అనే మెక్కో కాటపల్ట్ అనే మెక్కో తేల్చుకోలేక, మరాడర్ గుర్తయిన మ్యాడ్, కాటపల్ట్ గుర్తయిన క్యాట్ రెండూ మార్చి మార్చి చూపించిందనీ, అలా మ్యాడ్ క్యాట్ అయిందనీ కథ.

ఉక్కునగరం:

అందరికీ చేతులెత్తి దండం. సీడీ కడిగాను, రంధ్రాల్లేవు. బిన్, క్యూ తీస్తుంటే చివరి ట్రాకుల దగ్గర ఆగి ఆగి తప్పులు చూపిస్తోంది. ఇప్పుడేం చెయ్యాలి?

సీతమ్మధార:

రీడ్ వేగం తగ్గించండి. 4ఎక్స్ గానీ 8ఎక్స్ గానీ. డ్రైవు ఒప్పుకోకపోతే ఇంకో డ్రైవులో ప్రయత్నించండి, ఒకటి చదవలేనిది ఇంకొకటి చదువుతుంది. తప్పులు పాటల ట్రాకుల్లోనే అయితే భయం లేదు, ఒక చోట టిక్కుమంటుంది, అంతే. డేటా ట్రాకులో అయితేనే ఆట ఆగిపోతుంది. తీసిన ఫైలుకి ఇంకో రెండు చోట్ల నకలు పెట్టుకోండి. ఇక్కడ ఎవరికీ పంచకండి, అడిగినా సరే.

ఉక్కునగరం:

4ఎక్స్‌లో తీస్తే మొత్తం వచ్చింది, ఒక్క తప్పు లేదు. సైకిల్స్ 30,000 కంటే కొంచెం తగ్గించాను. నిన్న సాయంత్రం మొదలుపెట్టాం. పాప మొదటి శిక్షణలోనే లేజర్లన్నీ ఒకేసారి నొక్కేసింది. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు, “ఆగు తల్లీ, చల్లారనీ” అన్నారు. నేనేమీ అనకుండా ఊరుకున్నాను.

ఇంకొక్కటి అడగాలి. పాత జాయ్‌స్టిక్ ఒకటి తగిలించాను. చెయ్యి తీసేసినా మెక్ మెల్లగా కుడివైపుకి తిరిగిపోతోంది.

గాజువాక:

ముందు విండోస్‌లోనే జాయ్‌స్టిక్ కాలిబ్రేట్ చెయ్యండి. అప్పటికీ లాగుతుంటే డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైలులో జాయ్‌స్టిక్ భాగం కింద టైమ్‌డ్ అనే వరస ఉంటుంది. ట్రూ ఉన్నచోట ఫాల్స్ అని రాసి, డాస్‌బాక్స్ మూసి మళ్ళీ తెరవండి.

ఉక్కునగరం:

ఫాల్స్ పెట్టాక తిన్నగా నిలబడింది. పాప ఆటలో తోడేలు తెగలో చేరింది. రెండో మిషన్‌కి హీట్ సింకులు ఎన్ని పెట్టాలో తాతయ్యని అడుగుతోంది.