చర్చ: ఏడాదిపాటు సాగే సైకోడైనమిక్ థెరపీ మనకు అవసరమా?

బ్రాడీపేట ఉపాధ్యాయుడు, గుంటూరు
మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. ఇంటర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో మొదలైన దిగులుకు విజయవాడలో 12 సెషన్ల సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) చేయించాము. నిద్ర, చదువు కుదుటపడ్డాయి. ఆరు నెలలు తిరిగేసరికి, పరీక్షలేవీ లేకుండానే, స్నేహితురాలితో చిన్న మాటపట్టింపు వచ్చిన మర్నాటి నుంచి అదే దిగులు మళ్లీ మొదలైంది. ఇప్పుడు చూస్తున్న సైకాలజిస్టు గారు వారానికోసారి, కనీసం ఏడాదిపాటు సైకోడైనమిక్ థెరపీ (పాత అనుభవాలు, మనసులో అణచుకున్న భావాలు నేటి బంధాల్లో ఎలా పనిచేస్తున్నాయో మాట్లాడుతూ తెలుసుకునే చికిత్స) చేద్దామంటున్నారు. మానుతున్న పుండును రేపడం ఎందుకని మా బావగారి ప్రశ్న. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

మానసిక వైద్యుడు, విజయవాడ
మాస్టారూ, పుండు రేపుతారన్న భయం నాకు లేదు. నా అభ్యంతరం వేరు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్నవారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఒక్కరికి వెచ్చించే 50 గంటల్లో నలుగురికి సీబీటీ పూర్తి చేయవచ్చు. పైగా ఈ పద్ధతిలో సరైన శిక్షణ పొందినవారు మన రెండు ఊళ్లలోనూ అరుదు.

సైకాలజీ అధ్యాపకురాలు, గుంటూరు
డాక్టరు గారు చెప్పిన కొరత నిజమే. అయితే ఏళ్ల తరబడి మంచం మీద పడుకోబెట్టి చిన్ననాటి కబుర్లు చెప్పించడమే ఈ చికిత్స అనుకునే కాలం పోయింది. నేడు 16 సెషన్లకే పరిమితమైన పద్ధతులు ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 341 మంది డిప్రెషన్ రోగులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, 16 సెషన్ల సీబీటీకీ అన్నే సెషన్ల సైకోడైనమిక్ థెరపీకీ ఫలితంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. రెండింటిలోనూ పూర్తిగా కోలుకున్నవారు నాలుగో వంతుకు లోపే. మొండి డిప్రెషన్ ఉన్న 129 మందిపై లండన్ టావిస్టాక్ క్లినిక్ జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలోనైతే, 18 నెలలపాటు సాగిన ఇదే తరహా చికిత్స వల్ల కలిగిన మేలు చికిత్స ముగిశాకనే స్పష్టంగా బయటపడింది. తిరగబెట్టే దిగులు విషయంలో నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

మాస్టారి అమ్మాయి సంగతికి వస్తాను. మన భాషలో అలక అనే మాట ఉంది. అలిగినవారు తమను ఎవరో ఒకరు వచ్చి బతిమాలుతారన్న నమ్మకంతోనే అలుగుతారు. హాస్టల్లో ఆ నమ్మకానికి చోటెక్కడిది? అక్కడ కోపాన్ని మింగడం నేర్చుకున్న పిల్ల స్నేహితురాలి మీద కోపాన్నీ అలాగే మింగి, తన మీదికే తిప్పుకుంటూ ఉండవచ్చు. థెరపిస్టు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే "పరవాలేదండీ" అని నవ్వి ఊరుకుంటుంది. ఆ "పరవాలేదు" వెనుక ఏముందో ఆ గదిలోనే, ఆ క్షణంలోనే నెమ్మదిగా మాట్లాడటం ఈ చికిత్సలో ప్రధానమైన పని. పాత బంధాల్లో అలవాటైన భావాలను థెరపిస్టు మీదికి మళ్లించడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు, అది ఇలాంటి క్షణాల్లోనే తెలుస్తుంది. ఇది పాత పుండును రేపడం కాదు. ఇది విదేశీ సరుకు అనేవారికి ఒక్క మాట: ఈ చికిత్సకు మూలం మనోవిశ్లేషణ, డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని 1922లోనే స్థాపించారు.

మానసిక వైద్యుడు, విజయవాడ
అమ్మా, ఆమ్‌స్టర్‌డామ్ ఫలితాన్ని కాదనను. కానీ అది 16 సెషన్లకు సాక్ష్యం, ఏడాదికి కాదు. టావిస్టాక్ రోగులు ఎన్నో చికిత్సలకు లొంగనివారు, ఈ అమ్మాయికి జరిగింది ఒక్క సీబీటీయే. అందుకే 16వ సెషన్ దగ్గర ఆగి, మార్పు ఏమిటో అమ్మాయి, మాస్టారు, సైకాలజిస్టు ముగ్గురూ కూర్చుని చూసుకోవాలని నా సలహా. చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే మాత్రం ఏ థెరపీ కోసమూ ఎదురుచూడకుండా వెంటనే సైకియాట్రిస్టును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

గృహిణి, కృష్ణలంక
ఇంతకీ అమ్మాయి ఏమంటోంది, అన్నయ్య గారూ?

బ్రాడీపేట ఉపాధ్యాయుడు, గుంటూరు
చెల్లెమ్మా, మీరు అడిగేదాకా నేను తనను అడగలేదు. రాత్రి అడిగాను. చనిపోవాలన్న ఆలోచనలు లేవని చెప్పింది. 16వ సెషన్ దాకా వెళ్తానంది, కానీ నేను బయట కుర్చీలో కూర్చుని ఎదురుచూడకూడదట. సరేనన్నాను. వచ్చే వారం బస్టాండు వరకు దిగబెట్టి వస్తాను.