సమస్యాపూరణం: "ఎలుక విడిచి గణపుఁ డేగె వడిగ"

సమస్య ఇచ్చినవారు (నల్లగొండ)

వినాయక చవితి దగ్గర పడింది. క్లాక్ టవర్ దగ్గర మట్టి గణపతులు అమ్మకానికి వచ్చాయి. ఈ వారం సమస్య, అంటే మీరు పై మూడు పాదాలు రాసి పూరించాల్సిన చివరి పాదం, ఆయన మీదే.

*ఎలుక విడిచి గణపుఁ డేగె వడిగ*

ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే. "ఎలుక"లోని ఎకారానికి "గణపుఁడు + ఏగె" సంధిలో దాగిన ఏకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరంతో కుదిరే మైత్రి). వాహనాన్ని వదిలేసిన స్వామి వేగంగా ఎలా వెళ్తాడన్నదే చిక్కు. నియమం ఒక్కటే, ఎలుక అంటే కంప్యూటర్ మౌస్ కావాలి.

ఎందుకంటే నేను ఇరవై ఏళ్లుగా డీటీపీ పనిలో, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పనిలో ఉన్నాను. ఒక్క మాట కాపీ చేయడానికి పిల్లలు చేతిని కీబోర్డు మీటల మీద నుంచి లేపి, మౌస్ పట్టి, మెనూ వెతికి, నొక్కి, మళ్లీ మీటల మీదికి వస్తారు. రోజుకు కొన్ని వందలసార్లు! కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆ తిరుగుడే ఉండదు. ఆ తేడా పద్యంలో వినబడాలి.

గద్వాల నుంచి, తెలుగు పండితులు

వ్యాసమౌని పలుక వ్రాయఁ బూనిన వేళ
మీట మీట నొక్కి మెరుపు వోలె
చేయి కదలనీక చిత్తమ్ము చెదరక
ఎలుక విడిచి గణపుఁ డేగె వడిగ

నాగర్‌కర్నూల్ సభ్యుడు

పంతులుగారూ, నడక బాగుంది. సమస్య అచ్చుతో మొదలవుతుంది కాబట్టి మూడో పాదం చివర ఉకారం వస్తే సంధి తప్పదు. "చెదరక" అని ముగించి ఆ ఇబ్బంది రాకుండా చూశారు. కానీ వ్యాసుడి కాలంలో మీటలెక్కడివండి?

గద్వాల

నాయనా, ఊహకు కాలం అడ్డు కాదు. రాస్తున్నప్పుడు గంటం ఆగకూడదని గణపతి షరతు పెట్టాడని కథ. ఆగకుండా రాయాలనుకున్నవాడు చేతిని పక్కకు పోనిస్తాడా?

నల్లగొండ

అదే కథలో వ్యాసుడు పెట్టిన షరతు కూడా ఉంది పంతులుగారూ, అర్థం చేసుకోకుండా రాయకూడదని. నాకు అది బాగా తగిలింది. ఒకసారి పాత శుభలేఖ ఫైలులో కొత్త పేర్లు అతికించి, ముహూర్తం మార్చకుండా అచ్చుకు పంపాను. కార్డులన్నీ మళ్లీ నా ఖర్చుతో వేయించాను. అప్పటి నుంచి కంట్రోల్ వి నొక్కిన ప్రతిసారీ అతికినదాన్ని చదివాకే ముందుకు పోతాను.

నల్లగొండ నుంచి, నెట్ సెంటర్ తమ్ముడు

కాపి పేస్టులకును కంట్రోలు సీ వీలు
తప్పు దిద్ద జెడ్డు, దాచ నెస్సు
నేర్చి నల్లగొండ నెట్టు సెంటరులోన
ఎలుక విడిచి గణపుఁ డేగె వడిగ

గద్వాల

శభాష్! "సీ వీలు" అన్నచోట శ్లేష పండింది. సి, వి అనే రెండు మీటలూ అవే, వీలు అంటే సౌలభ్యమూ అదే. రెండో పాదంలో త, ద యతి కూడా సరిపోయింది. ఒక్క సందేహం. కాపీకి సి సరే, పేస్ట్‌కు వి ఎందుకు?

నల్లగొండ

మీటల పలక కింది వరుస ఎడమ మూల చూడండి. జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉంటాయి. వెనక్కి తీసుకోవడం, కత్తిరించడం, కాపీ, అతికించడం నాలుగూ ఎడమ చేతికే అందుతాయి. పి ఏమో ప్రింట్‌కు పోయింది. ఈ కట్, కాపీ, పేస్ట్ పద్ధతి 1970లలో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన సహచరుల చేతుల్లో రూపు దిద్దుకుంది. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయారు. ఆ రోజు మా డీటీపీ సెంటర్‌లో పిల్లలకు ఆయన గురించి చెప్పాను.

మిర్యాలగూడ నుంచి, రైస్ మిల్లు గుమాస్తా

ఆల్టు ట్యాబు నొక్కి వరుసగా కిటికీలు
ఫైలు ఫైలు మార్చి పనులు దీర్చి
ఇరులు ముసరకుండ నింటికిఁ జేరఁగ
ఎలుక విడిచి గణపుఁ డేగె వడిగ

సీజన్‌లో కాంటా లెక్క ఒక ఫైలులో, బిల్లులు ఇంకో ఫైలులో ఉంటాయి. ఆల్ట్, ట్యాబ్ లేకపోతే రాత్రి పది దాటుతుంది.

నాగర్‌కర్నూల్

అన్నా, భావం నిజమైనది, మూడో పాదం చదివితే ఇల్లు గుర్తుకొచ్చింది. కానీ మొదటి పాదంలో యతి తప్పింది. "ఆ"కు "వ"తో మైత్రి లేదు. ఇలా మారిస్తే?

ఆల్టు ట్యాబు నొక్కి యన్ని కిటికిలెంచి

"అన్ని"లోని అకారం యతికి నిలుస్తుంది. కిటికి అన్న హ్రస్వం గణానికి సరిపోతుంది.

మిర్యాలగూడ

మంచిగున్నది తమ్ముడూ, మార్చుకుంటాను. ఇంకొకటి. ఎక్సెల్‌లో ఒకే ఊరి రైతులు యాభై మంది ఉంటే ఊరి పేరు యాభైసార్లు కొట్టేవాణ్ణి. పై గడి నుంచి కింది దాకా ఎంచుకుని కంట్రోల్ డి నొక్కితే అన్ని గడుల్లోనూ నిండుతుంది. కంట్రోల్‌తో సెమీకోలన్ నొక్కితే ఈ రోజు తేదీ పడుతుంది. ఈ రెండూ ఎవరూ చెప్పకపోవడం వల్ల రెండు సీజన్లు పోయాయి నాకు.

మహబూబ్‌నగర్ నుంచి, డీటీపీ అక్క

మొదట చేయి నొచ్చె మూషికమ్మును లాగ
పిదప మీటలన్ని వేళ్లఁ గుదిరె
నొప్పి దీరె, నిదుర నోచుకొన్నది రేయి
ఎలుక విడిచి గణపుఁ డేగె వడిగ

గద్వాల

అమ్మా, "పిదప – వేళ్లఁ" యతి చక్కగా కుదిరింది, పవర్గంతో వకారం చెల్లుతుంది. "నిదుర నోచుకొన్నది రేయి" దగ్గర ఆగిపోయాను. నిద్ర మనిషికి కాదు, రాత్రికే దక్కిందన్నావు. ఒక లోపం, గణపతికీ ఆ నొప్పికీ సంబంధం పద్యంలో చెప్పలేదు.

మహబూబ్‌నగర్

నిజమే పంతులుగారూ, ఆ చేయి నాదే. ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో తెలుగు కొడతాను. అందులో గుణింతాలు ఎడమ చేతి కింద, హల్లులు ఎక్కువగా కుడి చేతి కింద ఉంటాయి. కుడి చేయి మౌస్ మీదికి పోతే హల్లు అక్కడే ఆగిపోతుంది. ఇంగ్లీషుకు మారాలంటే కూడా మూలకు పోయి భాష గుర్తు నొక్కేదాన్ని. విండోస్ మీటతో స్పేస్ నొక్కితే చాలని తర్వాత తెలిసింది. మణికట్టు కుదుటపడ్డది అప్పటి నుంచే.

నల్లగొండ

ఈ వారం నా ఓటు అక్క రెండో పాదానికి. బొమ్మలు గీయడానికి, ఫొటోలు దిద్దడానికి మౌస్ కావాల్సిందే, దాన్ని కాదనను. అక్షరం పనికి మాత్రం మీటలు వేళ్లలో కుదరాలి. అక్కా, కుదరడానికి ఎన్నాళ్లు పట్టింది?

మహబూబ్‌నగర్

అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ నిలవలేదు తమ్ముడూ. వారానికి ఒక్క షార్ట్‌కట్ చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించుకున్నాను. చీటీ చూడకుండా వేలు దానంతట అది పోయిన రోజు దాన్ని చింపేసి ఇంకోటి అంటించేదాన్ని. ఇప్పుడు అక్కడ ఎఫ్2 (ఫైలు పేరు మార్చే మీట) చీటీ ఉంది.