అప్‌డేట్: హాస్టల్ నుంచి ఆసిలోస్కోప్ కనెక్ట్ అవడం లేదన్న సమస్య తీరింది

ల్యాబ్‌లో కూర్చుంటే పైవీసాతో (పరికరాలతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) స్కోప్ (సిగ్నల్ ఆకారం చూపే ఆసిలోస్కోప్) చక్కగా పలుకుతుంది, హాస్టల్ నుంచి వీపీఎన్ మీద అడిగితే మాత్రం -1073807339 అని టైమవుట్ (గడువులోగా జవాబు రాలేదన్న ఎర్రర్) వస్తోందని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, తేలిపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

ఫైర్‌వాల్ చూడమన్న అన్న చెప్పిందే నిజం. మా నెట్‌వర్క్ సార్ లాగ్ చూసి చెప్పారు: వీఎక్స్ఐ-11 (నేను వాడుతున్న, నెట్‌వర్క్ మీద పరికరాలతో మాట్లాడే పద్ధతి) ముందు 111 పోర్టుకి (నెట్‌వర్క్‌లో నంబరున్న ద్వారం లాంటిది) వెళ్తుంది, అది తెరిచే ఉంది, కానీ అక్కడ స్కోప్ ఇంకో పోర్టు నంబర్ ఇస్తుంది, అది ఒక్కోసారి ఒక్కోటి, దాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తోంది. ఏ నంబరని తెరుస్తారు పాపం. అందుకే నేరుగా సాకెట్‌కి (ఒకే పోర్టుకి సూటిగా కనెక్ట్ అయ్యే పద్ధతి) మారి, మా స్కోప్ వాడే 5025 ఒక్కటే తెరిపించుకున్నాను.

అయినా మళ్లీ టైమవుట్! ఒక పూట తల పట్టుకున్నాక తెలిసింది, సాకెట్‌లో జవాబు ఎక్కడ ముగిసిందో మనమే చెప్పాలట. రీడ్ టెర్మినేషన్, రైట్ టెర్మినేషన్ (చదివేటప్పుడు, పంపేటప్పుడు వాడే ముగింపు గుర్తులు) రెండూ న్యూలైన్‌గా (కొత్త లైన్ గుర్తు) పెట్టగానే పేరు, మోడల్ టకటకా వచ్చేశాయి. వేవ్‌ఫామ్ (సిగ్నల్ ఆకారం) డేటాకి మాత్రం పైవీసాలో మామూలు క్వెరీ (అడిగి జవాబు చదివే ఫంక్షన్) వాడకండి, డేటాలో 10 విలువ ఉన్న బైట్ (న్యూలైన్ కోడ్ కూడా 10 కదా) వస్తే అదే చివర అనుకుని మధ్యలో ఆగుతుంది. బైనరీ వాల్యూస్ క్వెరీ (query_binary_values) అయితే ముందు వచ్చే పొడవు చూసి మొత్తం చదువుతుంది.

కేబుల్ మార్చడం, డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, టైమవుట్ 2 సెకన్ల నుంచి 30కి పెంచడం, వీటికీ దీనికీ సంబంధమే లేదు. కేబుల్ డబ్బులు దండగ.