థీసిస్ కరెక్షన్స్ ఇంకా మిగిలే ఉన్నాయి, విదేశంలో జాయినింగ్ డేట్ దగ్గరకొచ్చేసింది, ఏం చెయ్యమంటారు?

చివరి చాప్టర్:
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ మొదలుపెట్టి ఐదున్నరేళ్లు, పోయిన వారం వైవా, అంటే థీసిస్ మీద నోటి పరీక్ష, అయిపోయింది. పాస్ అన్నారు కానీ మూడో చాప్టర్‌లో ఒక అనాలసిస్ మళ్ళీ చెయ్యమన్నారు, డిస్కషన్ దాదాపు సగం తిరగరాయాలి. ఇంకోపక్క వేరే దేశంలో రీసెర్చ్ సైంటిస్ట్ ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటర్ మీద సంతకం కూడా పెట్టేశా, జాయినింగ్‌కి ఇంకా 7 వారాలే ఉంది. మా గైడ్ ఏమో నువ్వు వెళ్లిపో, అక్కడ శని ఆదివారాలు కూర్చుంటే నెలలో అయిపోతుంది అంటున్నారు. ఇంట్లోవాళ్లు కూడా డేట్ మార్చమని అడిగితే ఉద్యోగం ఎక్కడ పోతుందో అని భయపడుతున్నారు. నాకు మాత్రం లోపల ఎక్కడో ఇది పూర్తి చేసుకునే వెళ్లాలి అనిపిస్తోంది, కానీ అది నిజంగా అవసరమా లేక ఇన్నేళ్లు ఉన్న చోటు వదల్లేక అలా అనిపిస్తోందా అర్థం కావట్లేదు. నిన్న ల్యాబ్‌లో నా జూనియర్ "అక్కా, మీరు వెళ్లిపోతే ఆ మెషీన్ సెట్టింగ్స్ ఎవర్ని అడగాలి" అంటే జవాబు చెప్పలేక బయటికొచ్చేశా. ఇలాంటి పరిస్థితిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పేపర్ వర్క్ గురించి కూడా, ఏది ముందు ఏది వెనక అన్నది అస్సలు తెలీట్లేదు.

వెన్నెలదారి:
చెల్లీ, నేను సరిగ్గా నీలాగే కరెక్షన్స్ చేతిలో పట్టుకుని విమానం ఎక్కినదాన్ని. నాకు కూడా నెల అనే చెప్పారు, 14 నెలలు పట్టింది. బద్ధకం వల్ల కాదమ్మా. మొదటి రెండు నెలలు ఇల్లు వెతుక్కోవడం, బ్యాంక్ అకౌంట్, అడ్రస్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వీటికే పోయాయి, ఆఫీస్‌లో కొత్త పని నేర్చుకోవాలి, అక్కడ అందరూ నన్ను గమనిస్తున్నారన్న ఒత్తిడి ఒకటి. సాయంత్రం ఇంటికొచ్చి ఫైల్ ఓపెన్ చేస్తే మొన్న ఎక్కడ ఆపానో గుర్తు తెచ్చుకోవడానికే గంట పట్టేది, పాత పేరా చదివి, దాని ముందు పేరా చదివి, ఆ గ్రాఫ్ ఏ డేటా నుంచి గీశానో వెతికి, సరే ఇప్పుడు రాద్దాం అనుకునేసరికి పదకొండు అయ్యేది. మర్నాడు మళ్ళీ మొదటికే. అన్నిటికంటే నన్ను బాగా దెబ్బకొట్టింది సాఫ్ట్‌వేర్, స్టాటిస్టిక్స్ ప్యాకేజీ లైసెన్స్ క్యాంపస్ నెట్‌వర్క్‌లోనే పనిచేస్తుంది, మూడో నెలలో నా స్టూడెంట్ లాగిన్ కూడా ఆపేశారు, ఒక్క టేబుల్ మళ్ళీ రన్ చెయ్యడానికి పాత ల్యాబ్‌మేట్‌ని ఎన్నిసార్లు బతిమాలుకున్నానో నాకే తెలుసు.

అందుకని నా మాట విను, ఈ రోజే కంపెనీకి రాయి. భయపడాల్సింది ఏమీ లేదు, జాయినింగ్ వెనక్కి జరపమని అడగడం వాళ్లకి కొత్త కాదు, వీసా ఆలస్యాల వల్ల డేట్లు మారుతూనే ఉంటాయి. ఎందుకు, ఎన్ని వారాలు, కొత్త తేదీ ఏది, ఈ మూడూ స్పష్టంగా ఉండాలి. "కరెక్షన్స్ పూర్తిచేసి డిగ్రీ అవసరాలన్నీ తీర్చుకుని వస్తే మొదటి రోజు నుంచి పూర్తి మనసు పెట్టి పనిచెయ్యగలను, ఆరు వారాలు ఇవ్వగలరా, ఫలానా తేదీకి తప్పకుండా చేరతాను" అని సూటిగా రాయి. క్షమాపణలు నాలుగు లైన్లు రాయకు, వాళ్లకి కావాల్సింది తేదీ.

ఇంకొకటి, నీ ఆఫర్ లెటర్ మళ్ళీ ఒకసారి నిదానంగా చదువు. కొన్నిచోట్ల వీసాకి మాస్టర్స్ డిగ్రీ సరిపోతుంది, ఉదాహరణకి యూరప్‌లో ఈయూ బ్లూ కార్డ్ అనే వర్క్ పర్మిట్‌కి పీహెచ్‌డీయే ఉండాలని లేదు, కానీ కంపెనీ నీకిచ్చిన పోస్టు, జీతం మాత్రం పీహెచ్‌డీ మీద ఆధారపడి ఉండొచ్చు. వీసా వచ్చింది కదా అని ధీమాగా వెళ్లి, డిగ్రీ చూపించలేదని కింది గ్రేడ్‌లో పెడితే అప్పుడు వాదించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు.

రెండో సంచి:
పై అక్క చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తా. నేను పేపర్ల గురించి రాస్తా అండి, ఎందుకంటే నేను నష్టపోయింది అక్కడ.

అసలు డిగ్రీ సర్టిఫికెట్ చేతికి రావడానికి కాన్వొకేషన్ దాకా ఆగాలి, అది నెలలు పట్టొచ్చు. కాబట్టి కరెక్షన్స్ సబ్మిట్ చేసిన రోజే రిజిస్ట్రార్ ఆఫీస్‌కి వెళ్లి, డిగ్రీకి కావాల్సినవన్నీ పూర్తయ్యాయి, పట్టా ఇవ్వడం మాత్రమే మిగిలింది అని లెటర్‌హెడ్ మీద, సంతకం స్టాంపుతో రాయించుకోండి. చాలా దేశాల్లో పట్టా వచ్చేలోపు ఇదే పనికొస్తుంది. గైడ్ ఇచ్చే ఉత్తరం దీనికి బదులు కాదు, అది సిఫారసు మాత్రమే. ట్రాన్స్‌క్రిప్ట్‌లు కూడా సీల్డ్ కవర్‌లో మూడు నాలుగు కాపీలు తీసుకోండి, అక్కడినుంచి తెప్పించుకోవడం చాలా నరకం.

అపోస్టిల్ గురించి వినే ఉంటారు, మన సర్టిఫికెట్లు వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ముద్ర. 1961 హేగ్ ఒప్పందం కింద వచ్చింది అది, మీ దేశం, వెళ్లే దేశం రెండూ అందులో ఉండి, వాటి మధ్య అభ్యంతరం లేకపోతే ఒక్క స్టాంపుతో పని అయిపోతుంది, లేదంటే ఎంబసీ దాకా ఒక్కో మెట్టు ఎక్కుతూ అటెస్టేషన్ చేయించుకోవాలి, దానికి వారాలు పడతాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి, అపోస్టిల్ చెప్పేది ఆ సంతకం, ఆ ముద్ర నిజమైనవని మాత్రమే, లోపల రాసిన విషయం గురించి ఏమీ చెప్పదు. అందుకే సర్టిఫికెట్‌లో పేరు తప్పు ఉంటే స్టాంపు పడ్డాక కూడా తప్పు తప్పే. నా పాస్‌పోర్ట్‌లో పేరు పూర్తిగా ఉంది, మార్కుల లిస్టులో పొడి అక్షరాలతో ఉంది, రెండూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి మళ్ళీ అటెస్ట్ చేయించేసరికి నా జాయినింగ్ డేట్ దాటిపోయింది. ఈ రాత్రే పాస్‌పోర్ట్, డిగ్రీ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

ఏది ముందు అని అడిగారు కదా, గడువు తీరిపోని వాటిని ముందు చేయించండి, తీరిపోయేవి చివర్లో. డిగ్రీ అటెస్టేషన్, అనువాదాలు, టీకాల రికార్డు ఇవి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. పోలీస్ క్లియరెన్స్, మెడికల్ టెస్టులు తొందరపడి చేయించుకోకండి, యూకే వీసాకి కొన్ని దేశాలవాళ్లని అడిగే టీబీ సర్టిఫికెట్ అయితే 6 నెలలే చెల్లుతుంది. మీరు డేట్ వెనక్కి జరిపే ఆలోచనలో ఉన్నారు కాబట్టి ఇది మీకు ఇంకా ముఖ్యం. పాస్‌పోర్ట్‌కి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో చూసుకోండి, ఏడాదిలోపే ఉంటే ఇక్కడే రెన్యూ చేయించుకుని వెళ్లడం నయం.

రోజూ మందులు వాడేవాళ్లయితే ప్రిస్క్రిప్షన్ మీద బ్రాండ్ పేరు కాకుండా జెనరిక్ పేరు రాయించండి, బ్రాండ్లు దేశానికొకటి ఉంటాయి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ఏడీహెచ్‌డీ మందులు కొన్ని దేశాల్లోకి అనుమతి లేకుండా తీసుకెళ్లనివ్వరు, ముందే కనుక్కోండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టాలి, 100 వాట్ అవర్స్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. చెక్ చేసిన సూట్‌కేస్ పాడైతే 7 రోజుల్లోపు ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆలస్యంగా వస్తే చేతికి అందిన రోజు నుంచి 21 రోజులు, అంతర్జాతీయ విమాన ప్రయాణాల మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాలకి రూల్ ఇది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ప్రాణం పోయినా ఆ సూట్‌కేస్‌లో పెట్టకండి.

ఫ్రీజర్ మూల:
మీ జూనియర్ అడిగిన ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే నేను ల్యాబ్‌లో చేరిన ఏడాదే మా సీనియర్ ఒకరు విదేశం వెళ్లిపోయారు. మంచి మనిషే, మమ్మల్ని బాగా చూసుకునేవారు, కానీ హడావిడిలో వెళ్లారు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఆయన పెట్టెలు నాలుగు, ట్యూబుల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు తప్ప ఏమీ లేవు, దేంట్లో ఏముందో రాసుకున్న నోట్‌బుక్ ఆయనతోనే వెళ్లిపోయింది. సగం ట్యూబుల మీద ఇంకు చెరిగిపోయింది. రెండేళ్ల పని, చివరికి పారేశాం. పారేసే రోజు ఆ ట్రే పట్టుకున్నది నేనే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి చివరి రెండు వారాలు రాతకి కాకుండా అప్పగింతకి పెట్టుకోండి. పెట్టె మూత లోపల మ్యాప్ అతికించండి, అదే మ్యాప్ షేర్డ్ డ్రైవ్‌లో కూడా పెట్టండి. మెషీన్ సెట్టింగ్స్ కాగితం మీద రాసిస్తే సరిపోదు, జూనియర్‌ని కూర్చోబెట్టి తనచేత నడిపించండి, మీరు పక్కన చేతులు కట్టుకుని నిలబడండి, తను ఎక్కడ ఆగిందో అదే మీరు రాయడం మర్చిపోయిన స్టెప్. డేటా, శాంపిల్స్ మీవి అనిపిస్తుంది కానీ మామూలుగా అవి సంస్థవి, ఒక్క ట్యూబ్ తీసుకెళ్లాలన్నా మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్, అంటే శాంపిల్స్ ఇచ్చిపుచ్చుకోవడానికి రెండు సంస్థల మధ్య ఒప్పందం, ఉండాలి, కాపీ చేసుకునే డేటాకి కూడా గైడ్ దగ్గర ఈమెయిల్‌లో అనుమతి తీసుకోండి.

యూనివర్సిటీ ఈమెయిల్ ఆగిపోకముందే ఆర్కిడ్ ఐడీకి (రీసెర్చర్లకి ఇచ్చే గుర్తింపు నంబర్), జర్నల్ అకౌంట్లకి పర్సనల్ ఈమెయిల్ కలపండి. రివ్యూలో ఉన్న పేపర్‌కి కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత, మీరే అయితే ఎడిటర్ ఉత్తరం ఆ పాత ఐడీకే వస్తుంది, ఎవరూ చూడరు.

నాలుగో తలుపు:
ఒకటి అడుగుతా. కంపెనీ ఒప్పుకోకపోతే? మా అన్నయ్యకి ఒప్పుకోలేదు, ప్రాజెక్ట్ మొదలయ్యే తేదీ ఫిక్స్ అన్నారు. అప్పుడు ఆయన పనిని రెండుగా విడగొట్టుకున్నాడు, చోటుని బట్టి ఉండే పని ఏది, ఎక్కడైనా చెయ్యగలిగేది ఏది అని. అనాలసిస్, సాఫ్ట్‌వేర్, సంతకాలు, లైబ్రరీ నో డ్యూస్ ఇవన్నీ ఉన్నచోటే ముగించుకుని, రాత ఒక్కటే పట్టుకెళ్లాడు. అది కూడా విమానం ఎక్కేముందు కమిటీ చైర్‌తో కూర్చుని ఏ కామెంట్‌కి ఏం మార్చబోతున్నాడో పాయింట్లవారీగా ఈమెయిల్‌లో ఒప్పించుకున్నాడు. నాలుగు నెలల్లో ముగించాడు. కష్టపడ్డాడు, కానీ అయ్యింది.

చివరి చాప్టర్:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివా. అక్కా, మీరు చెప్పినట్టే మొన్న రాత్రి కంపెనీకి మెయిల్ పెట్టా, పంపాక నిద్ర పట్టలేదు. ఈ రోజు జవాబొచ్చింది. ఆరు వారాలు అడిగితే ఐదు ఇచ్చారు, వీసా అపాయింట్‌మెంట్ దాని ప్రకారం మార్చుకోమన్నారు. గైడ్‌కి చెప్తే ముందు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సరే అయితే అనాలసిస్ రేపే మొదలుపెట్టు అన్నారు.

పేర్లు కూడా చూసుకున్నా అండి, మాస్టర్స్ సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గమనించలేదు. ఇది కరెక్షన్ చేయించాలా, అఫిడవిట్ సరిపోతుందా?

రెండో సంచి:
12 వారాలు ఉంది కాబట్టి కరెక్షన్‌కే అప్లై చెయ్యండి, అఫిడవిట్ పక్కన పెట్టుకోండి. అఫిడవిట్ ఒక్కో ఆఫీస్‌లో ఒప్పుకుంటారు, ఒక్కోచోట ఒప్పుకోరు, మళ్ళీ ప్రతిచోటా చూపిస్తూ తిరగాలి. సరిచేసిన సర్టిఫికెట్ వచ్చాకే అపోస్టిల్‌కి ఇవ్వండి, ముందు ఇచ్చేస్తే రెండుసార్లు డబ్బు కట్టాలి.

చివరి చాప్టర్:
సరే అండి, రేపు పొద్దున్నే ఆ ఆఫీస్‌కి వెళ్తా. మధ్యాహ్నం జూనియర్‌తో మెషీన్ దగ్గర కూర్చుంటున్నా, నోట్‌బుక్ తనకే ఇచ్చి తననే రాసుకోమన్నా.